గరగర పిన్ని నోరు విప్పని రోజులు

"దీనికి అసలు మాటలే రాకపోతే ఎలా పిన్నీ?"

అడిగినవాడు అక్క కొడుకు. పిన్ని జవాబు చెప్పలేదు. చెప్పకూడదు కూడా. నోరు తెరవద్దని, గుసగుసలు సైతం వద్దని గొంతు డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు. అందుకని ఆమె, నేలమీద కూర్చుని గిన్నెలో గిన్నె పెడుతున్న అతని రెండున్నరేళ్ళ కూతురు బుజ్జిదాన్ని ఒకసారి చూసి, ఫోన్ తీసి ఏదో టకటకా కొట్టింది. వంటగట్టుకి అవతల ఒలికిన పాలు తుడుస్తున్న అతని జేబులో ఫోన్ మోగింది.

"నన్నడుగుతావేంట్రా? నాకే రావట్లేదు."

అతను నవ్వలేకపోయాడు. దాని ఈడు పిల్లలందరూ వచ్చీరాని మాటలతో ఇల్లు పీకి పందిరేస్తున్నారు. బుజ్జిది మాత్రం వేలు చూపిస్తుంది, చెయ్యి పట్టుకుని లాక్కెళ్తుంది, కావలసింది దొరక్కపోతే ఏడుస్తుంది, అంతే. చెవుల పరీక్ష చేయించారు, బాగానే వినపడుతోందన్నారు. మాటలు నేర్పే కేంద్రంలో చూపించడానికి తేదీ తీసుకున్నారు. ఆ తేదీ వచ్చేలోగా ఊరికే కూర్చోవడం అతని వల్ల కాలేదు. ఊరికి సరఫరా అయ్యే నీళ్ళను పరీక్షించే ప్రయోగశాలలో అతని ఉద్యోగం. సీసా చేతికొస్తే అందులో ఏముందో తేలేదాకా నిద్రపట్టని మనిషి. పిల్లల చెవిన ఎన్ని ఎక్కువ మాటలు పడితే అంత మంచిదని ఎక్కడో చదివాడు. ఇక పొద్దున లేవగానే మొదలుపెట్టేవాడు.

"ఇదేంటి చెప్పు? చెంచా! చెంచా దేంతో చేశారు? స్టీలు! స్టీలంటే ఇనుమన్నమాట, తుప్పు పట్టకుండా కొంచెం క్రోమియం కలుపుతారు..."

"దానికి చెంచా చాలండీ, క్రోమియం పెద్దయ్యాక చెబుదాం," అనేది మందుల షాపులో డ్యూటీకి బయల్దేరుతున్న అతని భార్య.

అతను పిన్నినే ఆ మాట అడగడానికి కారణం ఉంది. చిన్నప్పుడు ఆమెకూ ఆలస్యంగానే మాటలొచ్చాయని అతని అమ్మ ఎప్పుడూ చెప్పేది. "మీ పిన్ని మూగదేమోనని ఇంట్లో అందరం బెంగపెట్టుకున్నాం. తీరా నోరు విప్పితే ఆ గొంతు! బకెట్లో గులకరాళ్ళు వేసి తిప్పినట్టు! మళ్ళీ మూసుకుంటే బాగుండునే అన్నాను." ఒక్క ఉదాహరణ రుజువు కాదని అతనికి తెలుసు. అయినా బుజ్జిది పడుకున్నాక పిన్ని బతుకంతా మనసులో తిరగేసేవాడు, ఆశ పెట్టుకోవడానికి అందులో ఏమైనా దొరుకుతుందేమోనని.

ఆ గరగర గొంతే ఆమెకు ఉద్యోగం ఇప్పించింది. బస్టాండులో అనౌన్సరు కోసం వెతుకుతున్న డిపో మేనేజరు, తేనెలాంటి గొంతులవాళ్ళందరినీ పంపించేసి ఈమెను తీసుకున్నాడు. "తీయగా ఉంటే హారన్ల మధ్య ఎవడికి వినపడుతుందమ్మా? నీది సైరనులా దూసుకుపోతుంది," అన్నాడట. ఆమె దాన్ని పొగడ్తగానే తీసుకుంది.

మైకు గదికి రెండు కిటికీలు. ముందు కిటికీలోంచి ప్లాట్‌ఫారాలు కనపడేవి. అక్కడ బస్సుల కోసం కాచుకున్న కాలేజీ కుర్రకారు బెంచీల మీద దరువేస్తూ, ప్రాసలు విసురుకుంటూ ర్యాప్ చేసేవాళ్ళు. ఒకడు తిడితే ఇంకొకడు అదే తాళంలో తిరిగి తిట్టాలి, తడబడితే ఓడినట్టు. వెనక కిటికీ గ్యారేజీ వైపుకి. అన్నాలయ్యాక టైర్ల సెక్షన్ మేస్త్రీ పాత స్పీకరుకి గిటార్ తగిలించి బరబరా లాగేవాడు. బస్సుల సొట్టలు తీసే అతను డ్రమ్ములు బాదేవాడు. మధ్యలో కూర్చున్న పిన్నికి ఒక చెవిన ర్యాప్, ఒక చెవిన రాక్. రెండిట్లో ఏ కిటికీ మూయాలన్నా మనసొప్పేది కాదు.

కొన్నాళ్ళకి ఆమె నోరు ఊరుకోలేదు. ఒకరోజు మైకులో తాళంతో మొదలుపెట్టింది.

"కొండమీది కాలనీకి బస్సొచ్చింది చూడు! సంచీ పట్టు, పిల్లని పట్టు, ప్లాట్‌ఫారం మూడు!"

ప్రాస బ్రహ్మాండంగా కుదిరింది. బస్సు మాత్రం ఆరో ప్లాట్‌ఫారం మీద ఉంది. మూడో దాని మీద ఉన్నది కడుగుడు షెడ్డుకి పోవలసిన బస్సు. జనం అందులో ఎక్కి కిక్కిరిసి కూర్చున్నారు. డ్రైవరు వెనక్కి తిరిగి చూడనే లేదు, తిన్నగా షెడ్డులోకి తీసుకుపోయి దిగిపోయాడు. అక్కడి మనిషి అలవాటుగా నీళ్ళ గొట్టం తిప్పాడు. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి.

తడిసి ముద్దయిన ఒక పెద్దావిడ మేనేజరు గదికి వచ్చి, "స్నానం కూడా టికెట్టులోనే కలిపారా నాయనా? ముందే చెబితే సబ్బు తెచ్చుకునేదాన్నిగా," అంది.

మేనేజరు పిన్నిని పిలిపించాడు. "ప్రాస కుదిరిందా?"

"కుదిరింది సార్."

"అయితే ఉద్యోగం కుదరదు."

ఆమె కాళ్ళావేళ్ళా పడితే ఉద్యోగం నిలిచింది గానీ మైకు పోయింది. ప్రయాణికులు మరిచిపోయిన సామాను దాచే గదిలో వేశారు. గొడుగులు, టిఫిను డబ్బాలు, జతలేని చెప్పులు. మనుషులే రారు. ఆ అవమానంలో ఉండగా టైర్ల మేస్త్రీ వెతుక్కుంటూ వచ్చి తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు.

"మా షెడ్డుకి ఒకేసారి ఇంతమంది జనాన్ని ఎవరూ పంపలేదక్కా. నువ్వు మాతో పాడాలి."

"నాకు పాడటం రాదు తమ్ముడూ. గబగబా తిట్టడం వచ్చు."

"మాకూ వాయించడం రాదు. గట్టిగా కొట్టడం వచ్చు. రా."

అలా పుట్టింది జట్టు. సెలవు రోజుల్లో కడుగుడు షెడ్డులోనే సాధన. మొదటి కచేరీ ఒక కాలేజీ మైదానంలో. బెంచీల కుర్రాళ్ళు వచ్చి "గిటార్ ఆపండి, మాటలు వినపడట్లేదు!" అని అరిచారు. గిటార్ కోసం వచ్చినవాళ్ళు "అక్కా, పాట పాడు, పాఠం చెప్పకు!" అని అరిచారు. మేస్త్రీకి ఏడుపొక్కటే తక్కువ. పిన్ని మాత్రం స్పీకరు పెట్టె మీద కూర్చుని నీళ్ళు తాగుతూ, "సగంమందికి ఇది పడలేదు, సగంమందికి అది పడలేదు. అంటే అందరూ విన్నారన్నమాట," అంది.

ఆ తర్వాతా జనం వింటూనే ఉన్నారు. సామాను గదిలో పుట్టిన జత పోయిన చెప్పు పాట రేడియోలో వచ్చింది. గబగబా ర్యాప్‌తో ఎత్తుకుని చివరికొచ్చేసరికి గిటార్ మీదుగా ఒక పెద్ద కేక అయ్యే పాట అది. పాటల కంపెనీవాడు ఒకడు ఇంటికొచ్చాడు. "ర్యాపో రాకో ఏదో ఒకటి తేల్చుకోండమ్మా. లేకపోతే మిమ్మల్ని ఏ అరలో పెట్టాలి?"

"అరలో పెట్టడానికి నేనేమన్నా దుప్పటినా?" అని కాఫీ ఇచ్చి పంపేసింది. కంపెనీ మళ్ళీ రాలేదు. మైకు గది మాత్రం తిరిగొచ్చింది, ఎందుకంటే కొత్త అనౌన్సరు మాట హారన్లలో కలిసిపోయి ప్రయాణికులు గొడవ చేశారు. పగలు బస్సులు, సెలవుల్లో ఊరూరా కచేరీలు. కూరగాయల దుకాణంలో బేరమాడుతుంటే, "బస్సుల అక్క కదూ మీరు?" అని ఎవరో ఒకరు గొంతును బట్టి గుర్తుపట్టేసేవారు.

ఆ గొంతే ఒకరోజు పాట మధ్యలో తెగిపోయింది. స్వరపేటిక తీగల మీద కాయలు కాశాయని డాక్టరు చెప్పాడు. "బస్సులు, ర్యాపు, కేకలు, మూడూ ఒక్క గొంతుతోనేనా అమ్మా? నోటికి తాళం వెయ్యండి. తగ్గితే సరే, లేకపోతే కొయ్యాలి." సొంత ఇంట్లో ఉంటే మేస్త్రీ, డ్రమ్ముల తమ్ముడు వచ్చి మాట్లాడించకుండా ఉండరని అక్క కొడుకు తన ఇంటికి తెచ్చి పెట్టుకున్నాడు.

ఆమె బతుకులో అతనికి రుజువేమీ దొరకలేదు. ఆలస్యంగా మాటలొచ్చాయి, తర్వాత ఆగలేదు, అంతే. ఎలా వచ్చాయో చెప్పడానికి ఎవరికీ గుర్తులేదు.

ఒకరోజు భార్య డ్యూటీలో ఉండగా ప్రయోగశాల నుంచి కబురొచ్చింది, ఏదో పేటలో నీళ్ళు రంగు మారాయని. వెళ్ళక తప్పదు. పిల్లను పిన్నికి అప్పగిస్తుంటే ప్రాణం ఉసూరుమంది. మాట్లాడకూడని మనిషి, మాట్లాడని పిల్ల. పూటంతా ఇంట్లో ఒక్క మాటైనా పుట్టదు.

"టీవీ పెట్టి ఉంచు పిన్నీ. కనీసం శబ్దమన్నా పడుతుంది చెవిలో."

పిన్ని అలాగేనన్నట్టు తలూపింది.

అతను తిరిగొచ్చేసరికి టీవీ ఆపేసి ఉంది. వంటింట్లో ఇద్దరూ ఎదురెదురుగా బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. మధ్యలో బిస్కెట్ల డబ్బా. మూత మీద పిన్ని చెయ్యి. కనుబొమలు పైకెత్తి, ఏం కావాలన్నట్టు బుజ్జిదాన్నే చూస్తోంది. బుజ్జిది వేలు చూపించింది. పిన్ని ఒక చెవి ముందుకు వంచి మళ్ళీ అలాగే చూసింది. బుజ్జిది ఆమె చెయ్యి పట్టి లాగింది. పిన్ని నవ్వింది గానీ మూత తీయలేదు.

"బిస్కెట్! బిస్..." అని అతను అందుకోబోయాడు. పిన్ని తల తిప్పి చూసిన చూపుకి మాట గొంతులోనే ఉండిపోయింది. మైదానాల నోళ్ళు మూయించిన చూపు అది.

ఫ్రిజ్ గుర్రుమంటోంది. చెప్పేయడానికి అతని నాలుక దురద పెడుతోంది. తన నోరు ఇంతసేపు ఖాళీగా ఎప్పుడూ లేదని అప్పుడు తట్టింది. ఇదేంటని అడగడం, తనే చెప్పేయడం. ఎప్పుడైనా బుజ్జిదాని వంతు వచ్చిందా? బుజ్జిది డబ్బాను చూసింది, పిన్నిని చూసింది. పెదాలు ముడిచింది, విప్పింది, మళ్ళీ ముడిచింది. ఇదివరకు ఎన్నిసార్లు ఇలా ముడిచి ఉంటుందో, ప్రతిసారీ తను మాట్లాడుతూనే ఉండి ఉంటాడు.

"తీ," అంది బుజ్జిది.

పిన్ని మూత తీసింది.

ఒక్క మాటతో ఏదీ తేలదని అతనికి తెలుసు. కేంద్రంలో తీసుకున్న తేదీని వదులుకోలేదు, ఆ రోజు అక్కడి అమ్మాయి పిల్లను పరీక్షించి నెలల తరబడి పని ఉందనే చెప్పింది. కానీ ఇంట్లో ఎలా ఉండాలో చెప్పినప్పుడు, పిన్ని చేసిన పనినే ఓపిగ్గా వివరించింది. ఇప్పుడు బుజ్జిదానికి తీ ఉంది, దా ఉంది, వద్దు ఉంది. వద్దు మాత్రం ఇంట్లో మోత మోగిపోతోంది.

పిన్నికి కోత అవసరం పడలేదు. గొంతు ఒక మెట్టు దిగి తిరిగొచ్చింది. కేకలు తగ్గించుకోమన్నారు. కేక ఉండే చోట గిటార్‌నే అరవనిస్తానంది. వెళ్ళేరోజు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, ఇన్నాళ్ళూ ఫోనులో కొట్టకుండా దాచుకున్న ముక్క అతనికి నోటితోనే చెప్పింది. ఇప్పుడు పొద్దున చెంచా చేతికి తీసుకున్నప్పుడల్లా, క్రోమియం పళ్ళ వెనక నొక్కిపెట్టి, అతను ఆ ముక్కే పాటిస్తున్నాడు.

"ఒరేయ్ సైంటిస్టూ, దాన్ని ఏదైనా అడుగు. అడిగాక నోరు మూసుకో. మాట దాని నోటిదాకా వస్తుంది, నువ్వు అడ్డం నిలబడకు."