ఆరు మెషీన్లకూ ఒకే బిందె

పవర్‌పేటలో ఉదయ్ కిరణ్ నడిపే యానిమేషన్ ఆఫీసులో కోదండరామయ్యగారి బిందె రానిదే మనుషులూ కదలరు, మెషీన్లూ కదలవు. అది ఆయన పెట్టిన చట్టం. రోజూ పొద్దున్నే గుండుగొలను నుంచి రాగి బిందెడు మంచినీళ్ళు బస్సులో తెచ్చేవారు. బిందె కిటికీ పక్క సీట్లో కూర్చునేది, ఆయన పక్కన నిలబడేవారు. కండక్టరు అబ్బులుకి రోజూ అదే సరదా.

"రామయ్యగారూ, అమ్మగారికి హాఫ్ టిక్కెట్టు కొట్టమంటారా, ఫుల్లాండీ?"

"నాకు కొట్టి ఊరుకో నాయనా. నీ బస్సులో తొణక్కుండా కూర్చునేది ఆవిడొక్కతే."

ఆఫీసుకు రాగానే బిందెను స్టూలు మీద దించి, కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకునేవారు. తరవాత ఒకే ఒక్క స్టీలు గ్లాసు చేతులు మారుతూ వెళ్ళేది. చిన్నవాళ్ళు ముందు, పెద్దవాళ్ళు వెనక. అందరూ తాగాక ఆయన ఆరు కంప్యూటర్ల దగ్గరికీ వెళ్ళి ఒక్కొక్కదాన్నే అడిగేవారు. "ఏమ్మా, నువ్వూ అందరితోపాటే తాగుతున్నావు కదా?"

చూసినవాళ్ళు నవ్వుకునేవారు. టెలిఫోన్ డిపార్టుమెంటులో తీగలు కలిపి కలిపి రిటైరైన మనిషి, మేనల్లుడి ఆఫీసులో మెషీన్లను కలిపే తీగలు చూసుకుంటూ ఇలా అయిపోయాడని జాలిపడేవారు.

బిందె రాకముందు సంగతి సలోమికి తెలుసు. కైకలూరు పక్క పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల, ఆ ఏడే కొత్తగా చేరింది. చేరిన రోజు ఫిల్టరు దగ్గర గ్లాసు అందుకోబోతుంటే, ఆఫీసులో వాటాదారు శేషగిరిరావుగారు ఎంతో మెత్తగా అన్నారు: "ఆ అమ్మాయికి వేరే గ్లాసు తెప్పించండి." సలోమి చెయ్యి వెనక్కి తీసుకుంది. మర్నాటి నుంచి ఇంటి దగ్గరే సీసా నింపుకొచ్చి, బయట మెట్ల మీద కూర్చుని తాగేది. ఆ శనివారంతో మానేద్దామనే అనుకుంది.

ఈలోగా వాన వచ్చిపడింది. పిల్లల సినిమా ఒకదానిలో కొల్లేటి మీద వాన కురవాలి. ఆ వాన సలోమిదే. లక్షల చుక్కల్లో ఏది ఎక్కడ పడాలో ఒక కంప్యూటరు ముందే లెక్కగట్టి సర్వరులో ఒక ఫోల్డరులో దాస్తుంది. ఆ దాచిన లెక్కనే క్యాష్ అంటారు. ఆరు మెషీన్లూ అందులోనే చూసి, బొమ్మల్ని వంతులవారీగా గీయాలి. గీసిన బొమ్మల్ని వరసగా పెట్టి చూస్తే వాన ఎక్కిళ్ళు పెడుతోంది. చక్కగా పడుతున్న చుక్క ఉన్నట్టుండి పక్కకి గెంతుతుంది, మళ్ళీ మొదటి చోటికే వస్తుంది.

"రేపు సాయంత్రానికి హైదరాబాదు పంపాలండీ!" అన్నారు శేషగిరిరావుగారు. "అనుభవం లేని పిల్లకిస్తే ఇంతేనండి. మాన్పించేద్దాం."

సలోమి తలొంచుకుంది. తనంతట తాను మానేయడం వేరు. చేయని తప్పుకి పంపించేస్తే ఇంటికెళ్ళి నాన్నకి ఏమని చెప్పాలి?

కోదండరామయ్యగారు కుర్చీలోంచి లేచారు. ఒక్కో మెషీనే తెరిచి చూసుకుంటూ వెళ్ళి, మూడో నంబరు దగ్గర ఆగారు. "ఒరే ఉదయ్, దీని కడుపులో ఇంకో వానుంది. ఎవరు పోశారు?"

"నేనే మావయ్యా. సర్వరు నుంచి తెచ్చుకోవడం ఆలస్యమవుతోందని దానికొక కాపీ పెట్టాను."

"బావుంది. ఆ తరవాత అమ్మాయి వానని దిద్దింది. మిగతా అయిదు మెషీన్లకీ కొత్తది చేరింది. దీనికి మాత్రం నువ్వు పోసిన పాతదే. వేరే కుండ పెట్టిన ఇల్లు బాగుపడుతుందిట్రా?"

పాత కాపీ తీసేసి, మూడో నంబరు గీసిన బొమ్మలన్నీ మళ్ళీ గీయించారు. వాన వానలాగే కురిసింది.

మర్నాడే బిందె దిగింది. ఫిల్టరు అటక మీదికీ, గ్లాసులన్నీ బీరువాలోకీ వెళ్ళిపోయాయి. ముందు సలోమి తాగింది. గ్లాసు తిరిగి తిరిగి శేషగిరిరావుగారి దగ్గరికొచ్చింది.

"నాకు ఫిల్టరు నీళ్ళే పడతాయండీ."

"అలాగేనండి. మెషీన్లు మాత్రం ఆన్ చెయ్యను. వేరే నీళ్ళు తాగి మూడో నంబరు ఎంత పని చేసిందో చూశారుగా?"

"దానికీ దీనికీ సంబంధం ఏమిటండీ?"

"నాకూ తెలీదండి. హైదరాబాదు పంపాక తీరిగ్గా ఆలోచిద్దాం."

శేషగిరిరావుగారు గడియారం చూశారు, గ్లాసు చూశారు, కళ్ళు మూసుకుని తాగేశారు. ఏమీ కాలేదు. నెల తిరిగేసరికి "ఇవాళ బిందె ఆలస్యమైందేంటండీ?" అని మొదట అడిగేవారు ఆయనే. సీసా తేవడం ఎప్పుడు మానేసిందో సలోమికే గుర్తులేదు.

వానాకాలం వెళ్తుండగా కోదండరామయ్యగారు బస్సు మెట్టు మీద జారారు. కాలు విరిగింది. బిందె తొణకలేదు. సలోమి పళ్ళు తీసుకుని గుండుగొలను వెళ్ళింది. ఆయన మంచం మీద, కట్టుకట్టిన కాలు దిండు మీద.

"ఆ బిందె పిచ్చి ఈయనకి మొదటినుంచీ ఉందాండీ?" అని ఆయన భార్య అచ్చాయమ్మగారిని నవ్వుతూ అడిగింది.

"మొదటినుంచా! ఇంట్లో చెంబుడు నీళ్ళు ముంచుకుని ఎరగని మనిషమ్మా. ఓ రోజు ఆఫీసు నుంచొచ్చి కంచం ముందు కూర్చుని లేచిపోయారు. 'మెట్ల మీద ఓ పిల్ల సీసా నీళ్ళు తాగుతోందే, నాకు ముద్ద దిగట్లేదు' అన్నారు. రెండ్రోజులు తిరక్కుండా పొద్దున్నే లేచి బిందె తోముతున్నారు!"

"అచ్చాయమ్మా, కాఫీ సంగతి చూడు," అన్నారు ఆయన గోడవైపు తిరిగి. సలోమి పళ్ళు బల్లమీద పెట్టి, ఎంతసేపటికీ ఆ సంచీ మడతలే సర్దుతూ నిలబడింది.

ఆయనే మళ్ళీ ఇటు తిరిగారు. "ఓ సాయం చేసిపెట్టాలమ్మా. నేను లేచేదాకా బిందె నువ్వు తేవాలి. మీ ఇంటి నీళ్ళే."

"మా నీళ్ళు కాస్త ఉప్పనండి."

"ఉంటే ఉండనీ. శేషగిరిరావుగారికి బీపీ, ఆయనకి అరగ్లాసు చాలు. మిగిలినవాళ్ళకి నిండా పొయ్యి. బస్సులో ఆవిణ్ణి కిటికీ పక్కనే కూర్చోబెట్టు తల్లీ. ఆ మూడో నంబరుని మాత్రం రోజూ అడగడం మరిచిపోకేం?"