కోరా గుడ్డ కోట్లు, తెల్ల శిలువ జెండా

మా ప్రత్తిపాడులో నేను బట్టలు కుట్టడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. అందులో పదేళ్ళు ఊళ్ళోని ఒక ప్రైవేటు స్కూలు యూనిఫారాలు నావే. వేసవి అంతా అదే పని. ఆ పని ఒక జెండా దగ్గర పోయింది. పోతే పోయింది.

స్కూలు వార్షికోత్సవానికి నాటకం వేస్తామన్నారు. రెండు వందల డెబ్బై ఏళ్ళ కిందట మన కొండవీడు సీమలో ఫ్రెంచి సిపాయిలు తిరిగిన కథ. సోషల్ టీచరమ్మ రంగుల బొమ్మలు తెచ్చి నా మిషను మీద పరిచింది, ఆ సిపాయిల కోట్లూ జెండా ఇలాగే కుట్టమని. నాకు మతి పోయింది. కోటు రంగు అద్దని గుడ్డ రంగు, అచ్చం మన కోరా గుడ్డ. కాలరూ, చేతి పట్టీలూ మాత్రం ఏ పటాలానివి దానివే. ఒకరికి ఎరుపు, ఒకరికి నీలం, ఇంకొకరికి ఆకుపచ్చ. జెండా నడుమ పెద్ద తెల్ల శిలువ, నాలుగు మూలలా ఆ పటాలం రంగులు. పొగలో, దుమ్ములో తమ మనుషులు ఎక్కడున్నారో దాన్ని చూసే పోల్చుకునేవాళ్ళట.

రంగును బట్టి పోల్చుకునే ఈ సంగతి నాకు కొత్త కాదు. మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో మిరపకాయల టిక్కీల, అంటే గోనె బస్తాల, మూతులు కుట్టేవాడు. ఒక్కో కమీషను కొట్టు సరుకుకు ఒక్కో రంగు దారం. దబ్బనంలోకి ఎక్కించే ముందు దారాన్ని వెలుతురులో పట్టుకుని చూసుకునేవాడు. ఒకసారి ఎర్ర దారం అయిపోతే గుమాస్తా, "పసుపుది వేసెయ్, ఎవడు చూడొచ్చాడు?" అన్నాడట. ఎర్ర దారం వచ్చేదాకా నాన్న దబ్బనం కింద పెట్టి కూర్చున్నాడు. "రైతు చూస్తాడమ్మా. వాడి సరుకు వేరే కొట్టు కింద పోతే వాడి గతేంటి?" అనేవాడు నాతో.

పన్నెండు కోట్లు కుట్టాను. జెండాకు శిలువను పైన అతికించలేదు. ముక్కకు ముక్క కలిపి మడత కుట్టు వేశాను, ఎటు తిప్పినా ఒకేలా కనిపించాలని. ఎదురు కొట్టాయన నవ్వాడు. "ఏంటమ్మాయ్, నమాజు చదివే ఇంట్లో శిలువ కుడుతున్నావ్?"

"మొన్న షేర్వాణీ కుట్టాను, పెళ్ళికొడుకునైపోయానా బాబాయ్?" అన్నాను.

స్కూలు కరస్పాండెంటు గారు చూడ్డానికొచ్చారు, వెనకాల టీచరమ్మ. ఆయన కోటును రెండు వేళ్ళతో ఎత్తారు. "ఇదేంటమ్మా, కాంపౌండరు బట్టల్లాగా? ఫ్రెంచోళ్ళంటే నీలం కోటు, మూడు రంగుల జెండా. టీవీలో చూళ్ళేదా?"

"ఆ మూడు రంగులు తర్వాతొచ్చినయ్యండి, వాళ్ళ రాజుని దించేశాక. టీచర్ గారే చెప్పారు."

టీచరమ్మ నేలచూపులు చూసింది. నాకు ఒళ్ళు మండింది.

"సర్లే, ఎవరు చూడొచ్చారు? నీలం కుట్టెయ్" అన్నారాయన.

మళ్ళీ ఆ గుమాస్తా మాటే. "కుట్టనండి" అన్నాను.

"అయితే వచ్చే ఏడాది యూనిఫారాలు వేరే చోట ఇచ్చుకుంటాం."

"ఇచ్చుకోండి." కోటు ఆయన చేతిలోంచి తీసుకుని మడిచాను.

నాటకానికి విజయవాడ నుంచి నీలం కోట్లు అద్దెకు తెచ్చారు. అన్నట్టే యూనిఫారాలూ పోయాయి. ఈ వేసవి చీరలకు ఫాల్సు కుట్టుకుంటూ గడిపాను.

మొన్న టీచరమ్మ వచ్చింది. "ఆ జెండా ఓసారి ఇస్తారా అక్కా? క్లాసులో చూపిస్తా."

"ఆ రోజు మింగేసిన మాట ఆయన ముందు చెప్పు తల్లీ. చెప్పిన రోజు జెండా నీదే."

ఆమె ముఖం చిన్నబోయింది. జాలేసింది కానీ ఇవ్వలేదు.

టీచరమ్మ ఇంకా రాలేదు. జెండా మా కొట్టు ముందు కర్రకు కట్టి ఉంది. ఎవరు చూడొచ్చారనే కదా ఆయన అన్నది! ఎదురుగానే బస్సు ఆగే చోటు. గుంటూరు పోయేవాళ్ళంతా, ఆ స్కూలు పిల్లల తల్లులతో సహా, నిలబడి చూస్తున్నారు. "ఏంటమ్మా ఈ జెండా?" అని అడుగుతున్నారు. మిషను ఆపి మరీ చెబుతున్నాను.