నాలుగడుగుల పునాది

మా మామను మా నాయన వీధిలో నిలబెట్టి రాళ్లదొంగ అన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. పదహారేళ్ల దాన్ని, నోట్లో నాలుక ఉన్నదాన్ని. వద్దని ఒక్క మాట అనలేదు. ఇప్పుడు చెప్పుకుని ఏం లాభం? అయినా చెప్పాలి.

ధర్మవరంలో మాది మగ్గాల వీధి. డెబ్బైల మొదట్లో నాయన అక్కడ నల్లరేగడి నేల మీద ఇల్లు కట్టుకున్నాడు. కట్టింది అమ్మ తమ్ముడే. నేతగాళ్ల ఇంట పుట్టి, మగ్గం ముందు కూర్చోలేక తాపీ పట్టుకున్న మనిషి. "అక్క ఇల్లు, నాలుగడుగులు దించుతా" అని మాట ఇచ్చాడు. పునాది వేసిన వారం నాయన చీరలమ్మడానికి బెంగళూరు పోయి ఉన్నాడు. అమ్మ పురిటికని పుట్టింట్లో ఉంది, నేనూ అక్కడే. ఆ లోతును మా ఇంట్లో ఎవరూ కళ్లతో చూడలేదు. అదే కొంప ముంచింది.

అందరూ మగ్గం గుంత నడిమింట్లో తవ్వుకుంటారు. నాయన మాత్రం వెలుతురు కోసమని కిటికీ కింద, పడమటి గోడను ఆనుకుని తవ్వించాడు. నేసేవాళ్లు కాళ్లు దించుకుని కూర్చునే గుంత అది. మా ఎండలకు పట్టుపోగు చిటుక్కున తెగుతుంది. గుంత చల్లగా ఉంటే తెగదని అమ్మ పూటకొక బిందె నీళ్లు అందులో పోసేది. వానలు మొహం చాటేసిన ఏడు కూడా, బోరింగు దగ్గర జుట్లు పట్టుకుని తెచ్చుకున్న నీళ్లలో మొదటి బిందె దానికే. "ముందు మగ్గం తాగల్ల, ఆ మీద మనం" అనేది.

ఐదారేళ్లకు కిటికీ మూల నుంచి గోడ పగిలింది. మొదట వెంట్రుకంత. కరువు ముదిరాక నా వేలు దూరేంత. నాయన మామను పిలిపించి నలుగురిలో నిలబెట్టాడు.

"ఎంత దించినావురా?"

"నాలుగడుగులు బావా. నా బిడ్డల మీద ఒట్టు."

"రెండే దించి, మిగిలిన రాయి యాడికి తోలినావో చెప్పు."

పునాది తవ్విన కూలీలు సాక్ష్యం చెప్పబోతే, వాళ్లు వాని మనుషులే కదా అన్నాడు నాయన. "అట్లయితే తవ్వి చూడు బావా" అన్నాడు మామ. తవ్వితే ఉన్న గోడ కూడా కూలుతుందని నాయన ఒప్పుకోలేదు. మామ అక్క వైపు చూశాడు. అమ్మ నోట్లో కొంగు కుక్కుకుని నేల చూసింది.

నరం లేని నాలుక, ఏమైనా అంటుంది. సొంత బావే అన్నాక ఊరు నమ్మకుండా ఉంటుందా? ధర్మవరంలో మామకు పునాది పని ఇచ్చే మనిషి లేకుండా పోయాడు. పెళ్లాం బిడ్డలతో గోరంట్ల దిక్కుకు పోయి, ఇంకో మేస్త్రీ కింద ఇసుక తట్టలు మోసి, అక్కడే జ్వరంతో పోయాడు. ఆ చావుకు కూడా నాయన కదల్లేదు. అమ్మ ఒక్కతే బస్సెక్కి పోయి వచ్చింది. వచ్చి తలకు పోసుకుని, బిందె తీసుకుని గుంతలో నీళ్లు పోసింది.

ఎనభైల నడుమ నాకు అనంతపురంలో టీచరు ఉద్యోగం వచ్చింది. అప్పటికి పగులులో అరచేయి పడుతోంది. ఇల్లు మీద పడేలోపు ఎవరికైనా చూపిద్దామని చెవినిల్లు కట్టుకుని పోరి, అనంతపురంలో మా పక్కింటి ఇంజనీరును తీసుకొచ్చాను. రిటైరైన మనిషి, మాట తక్కువ. "దొంగ పునాదికి ఇంజనీరొకడు తక్కువైనాడా" అని నాయన సణిగాడు.

ఆయన గోడ చూస్తాడనుకుంటే మగ్గం గుంతలోకి దిగి, మట్టి తీసి పిసికి చూశాడు. బయటికి పోయి గోడ వెనకాల ఎండిన నేలలో బీటలు చూశాడు. అక్కడే గోడ వెంట గొయ్యి తీయించాడు. రెండడుగులు దాటగానే నాయన ఒంగి చూశాడు. రాయి అయిపోలేదు. మూడడుగులకూ అయిపోలేదు. ఆఖరికి ఇంజనీరు టేపు దించి చదివాడు: నాలుగడుగులు, పైన ఒక అంగుళం.

"మేస్త్రీ ఎవరోగానీ మంచి పనిమంతుడప్పా. రాళ్లలో ఏం తప్పు లేదు. ఎంత మంచి పునాదైనా నిలబడేది నేల మీదే కదా. నల్లనేల తడిస్తే ఉబ్బుతాది, ఎండితే ముడుచుకుంటాది. లోపల మీరు రోజూ నీళ్లు పోస్తాండారు, బయట ఎండ కాస్తాండాది. ఒక పక్క లేచి ఒక పక్క కుంగితే ఏ గోడ తట్టుకుంటాది? గుంత పూడ్చి, మగ్గం నడిమింట్లోకి మార్చుకోండి."

అమ్మ గడపలో నిలబడి ఉంది. "పోసింది నేనే సామీ" అంది. మళ్లీ అదే మాట అంది. నేను పోయి పట్టుకోవాల్సింది. సిగ్గుతో ఆ గొయ్యినే చూస్తూ నిలబడ్డాను.

గొయ్యిని నాయన పూడ్చనివ్వలేదు. మరునాడు గోరంట్ల పోయి, మామ భార్యను, అదే మా అత్తను, వెంటబెట్టుకుని వచ్చాడు. గొయ్యి అంచున నిలబడి, "చూడమ్మా, వాడు చెప్పిందే నిజం. నేనే పాపిష్టోణ్ణి" అని నాయన భోరుమన్నాడు. ఆయన ఏడవగా చూడటం నాకదే మొదటిసారి.

అత్త తిట్టిపోస్తుందనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను. ఆమె చీర ఎత్తి చెక్కుకుని గొయ్యిలోకి దిగింది. అడుగు రాయి మీద చేయి పెట్టి, దానికంటిన మట్టి తుడుస్తూ ఉండిపోయింది.

"చచ్చేదాకా ఇదే చెప్పినాడన్నా" అంది తలెత్తకుండా. "జరంలో కూడా, నాలుగడుగులు దించినానే, నువ్వన్నా నమ్మే అని. పోయే కాలంలో ఇంకా ఎందుకయ్యా అబద్దాలు అని నేనే కసురుకుంటి."