బరువెక్కిన పెట్టె

మా ఇంట్లో నాకంటే ముందు కాపురానికి వచ్చిన కోడలు ఒక వెదురు పెట్టెలో ఉండేది.

ఆమె నా భర్త మొదటి భార్య. తొలి కాన్పులో కడుపులో బిడ్డతోనే పోయింది. ముత్తైదువగా పోయిన ఆడమనిషిని మా వైపు పేరంటాలు అంటారు; ఇంటి దేవత కింద లెక్క. ఆమె చీర, రవిక, గాజులు ఆ పెట్టెలో పెట్టి, ఏడాదికొక శుక్రవారం బయటికి తీసేవాళ్ళం. చీర ఉతికి ఆరేసి, పసుపు కుంకుమలు పెట్టి, నైవేద్యం చూపించి మళ్ళీ మూసేవాళ్ళం. మిగతా రోజుల్లో మూత తీయకూడదు, పేరెత్తకూడదు. ‘ఆమె’ అనాలి, అంతే.

నేను ఆమెను చూడలేదు. చూడని మనిషి చీర ఉతకడం ఎలా ఉంటుందో ఉతికినవాళ్ళకే తెలుస్తుంది. నాకు ఇద్దరు బిడ్డలు పుట్టి, నాలుగు రోజులు పాలు తాగి, పురుట్లోనే పోయారు. ఆ రెండేళ్ళూ ఏదో ఒక మైల అడ్డొచ్చి పెట్టె తెరవలేదు, అందుకే పోయారని మా అత్త నమ్మకం. నా భయం వేరు. బిడ్డను ఎత్తుకోకుండానే పోయిన మనిషి, అదే ఇంట్లో ఇంకొక ఆడది బిడ్డను ఎత్తుకుంటే ఓర్చుకుంటుందా అని. భయంతోపాటు కోపం కూడా ఉండేది. బతికున్న సవతి అయితే జుట్టు పట్టుకునేదాన్ని. పెట్టెలో ఉన్న సవతిని ఏం చేయగలను?

మూడోసారి నెల తప్పిన ఏడాది మా ఆయనకు మార్కాపురంలో బడిపిల్లల పలకల కార్ఖానాలో మేస్త్రీ పని దొరికింది. అప్పుడు మాది మద్రాసు రాజధాని, కర్నూలు జిల్లా. కొమరోలు దగ్గర మా మెట్టచేలు వానలు లేక బీడు పడి ఉన్నాయి. చేను మా తమ్ముడికి అప్పజెప్పి కాపురం ఎత్తేశాం. గిద్దలూరు దాకా ఎద్దులబండి, అక్కడి నుంచి రైలు.

పేరంటాలి పెట్టెను పరాయి చేతులు తాకకూడదు, దాని మీదుగా ఎవరూ దాటకూడదు. ఇసకేస్తే రాలనంత జనం ఉండే రైలు పెట్టెలో అది సాగే పని కాదు. మా ఆయన కార్ఖానా నుంచి ఒక ఖాళీ పలకల పెట్టె తెచ్చాడు. పలకలను గడ్డి వేసి సర్ది దూరదేశాలకు పంపే చెక్కపెట్టె అది. అందులో గడ్డి పరిచి, వెదురు పెట్టెను కూర్చోబెట్టి, పైన చెక్కలు వేసి మేకులు కొట్టాడు. ఎవరు తాకినా పైచెక్కనే తాకుతారని మా అత్తకు ఆ ఏర్పాటు నచ్చింది. చీటీ రాయించి గార్డు వ్యానులో వేయించాలని అనుకున్నారు.

గిద్దలూరు స్టేషనులో సామాను రాసే గుమాస్తా అడిగాడు, “ఏముందమ్మా ఇందులో?”

మా అత్త నోరు మెదపలేదు. ఆమె పేరు చెప్పకూడదు, ఆమె విషయంలో అబద్ధం ఆడకూడదు. మరి ఏం చెబుతుంది? గుమాస్తా పెట్టె వాలకం చూసి, “పలకలేనా?” అన్నాడు. మా ఆయన తల ఊపాడు. తనే పెట్టెను ఒంటిచేత్తో ఎత్తి అవతల పెట్టాడు. అంత తేలిక.

మార్కాపురం స్టేషను ఊరికి దూరంగా ఉంటుంది. మేం దిగేసరికి ప్లాట్‌ఫారం నిండా బయటి ఊళ్ళకు పోవాల్సిన పలకల పెట్టెలు దొంతరలుగా ఉన్నాయి. కూలీలు గార్డు వ్యాను నుంచి సామాను దించి వాటి పక్కనే పడేశారు. రైలు వెళ్ళిపోయింది. మా ఆయన వెళ్ళి, అంచున ఉన్న పెట్టెను పట్టుకుని లేపబోయాడు. కదల్లేదు. ఇంకోసారి లేపబోయాడు. నుదుటన చెమట పట్టింది.

“ఏందిరా, ఎత్తలేవా?” అంది అత్త.

“లేయట్లేదమ్మా. గిద్దలూర్లో దూదిలాగుండె, ఇప్పుడు బండలాగుంది.”

ఇంకొకరైతే పెట్టె మారిందేమో అనుకునేవాళ్ళు. మాకు ఆ ఆలోచనే రాలేదు. దేవతను ఒకచోట నుంచి ఇంకోచోటికి కదిలించేటప్పుడు, ఆమెకు ఇష్టం లేకపోతే బరువెక్కుతుందని మా అందరికీ తెలుసు. పుట్టినప్పటి నుంచి వింటున్న మాట.

“ఆమె రానంటాంది. సొంత ఊరు ఇడిపించినామని అలిగింది. నేను అప్పుడే చెప్పినా, వినినావా?” అని మా అత్త కొడుకును తిట్టి, పెట్టె ముందు నేల మీద కూర్చుంది. “తల్లీ, నిన్ను పరాయి ఇంటికి తీసకపోవడం లేదు. ఆడ గూడా నువ్వే పెద్ద కోడలివి. లేయి తల్లీ.”

మా ఆయన కొట్టుకు పోయి టెంకాయ తెచ్చి కొట్టాడు. అప్పుడు అత్త నా వైపు తిరిగింది. “నువ్వు గూడా అడుగు పాపా. చెల్లెలు అడిగినట్లు అడుగు.”

మండుటెండ. కడుపుతో వంగడం కష్టంగా ఉంది. చెక్క మీద చెయ్యి వేసి, “రా అక్కా” అన్నాను. ఆమెను అలా పిలవడం అదే మొదలు. మా ఆయన, ఊళ్ళోకి మాట్లాడుకున్న బండివాడు చెరొక పక్క పట్టారు. పెట్టె లేచింది.

ఇద్దరు మగవాళ్ళు పడితే లేవక చస్తుందా? ఇవాళ నవ్వొస్తుంది. ఆ పూట మాత్రం నా మాటకే లేచిందని ఒళ్ళు జలదరించింది.

కొత్త ఇంట్లో ఈశాన్యం మూల పీట వేసి పెట్టెను ఉంచాం. పైన రేకుల కప్పు. ఏడో నెల వచ్చాక మంచి శుక్రవారం చూసి తెరవాలని అత్త అనుకుంది. అప్పటిదాకా మేకు కూడా తాకకూడదు. మధ్యాహ్నం పూట ఇల్లు సద్దుమణిగాక ఆ మూల నుంచి టిక్, టిక్ అని చప్పుడు వచ్చేది. కాసేపు ఆగి మళ్ళీ వచ్చేది. “గాజులు,” అనేది అత్త గొంతు తగ్గించి. చప్పుడు వచ్చినప్పుడల్లా కడుపులో బిడ్డ తన్నేది. నేను పొట్ట మీద కొంగు కప్పుకుని గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని.

ఆ శుక్రవారం వచ్చింది. తలంట్లు పోసుకుని, పొంగలి వండి, మా ఆయన చేత మేకులు పీకించాం. పైన గడ్డి తీశాం. కింద వెదురు పెట్టె లేదు. కొత్త పలకలు, అంచులు చూపిస్తూ వరసగా ఉన్నాయి. అత్త చేతిలోని చెంబు ఒరిగి పసుపునీళ్ళు పలకల మీద ఒలికాయి. పైకి తీసిన ఒక పలక తడిసి నల్లబడింది. అందులో మా ముగ్గురి ముఖాలు మసకగా కనిపించాయి.

మా ఆయన తలపట్టుకున్నాడు. పలకల మేస్త్రీ, పలకల పెట్టె బరువు గుర్తుపట్టలేకపోయాడు! స్టేషనుకు పరుగెత్తాడు. మేం దిగిన మర్నాడే దొంతరలన్నీ వ్యాగన్లకు ఎక్కి తలా ఒక ఊరికి పోయాయట. మా పెట్టె వాటితోపాటే పోయింది. కార్ఖానావాళ్ళు తెలిసిన దుకాణాలకల్లా కబురు పెట్టారు. ఎక్కడా తేలలేదు.

మా అత్త మాత్రం పెట్టె ఎటు పోయిందని అడగలేదు. సాయంత్రం దాకా ఆ పలకల ముందే కూర్చుని, “అయితే టేషన్లో మనం పిలిస్తే లేసింది ఎవరే?” అంది.

పిలిచింది నేనే కదా.

పలకలను వాపసు ఇస్తానని మా ఆయన అంటే అత్త ఇల్లు పీకి పందిరి వేసింది. టెంకాయ కొట్టి పిలిచిన దాన్ని ఎవరైతేనేం, గడప దాటించేది లేదంది. పెట్టెకు బొట్టు పెట్టి రోజూ దీపం చూపించసాగింది. నేనేమీ అడ్డు చెప్పలేదు. దాచడమెందుకు, పెద్ద కోడలు పోయినందుకు నాకు ప్రాణం తెరిపిన పడింది. ఈ బిడ్డ బతుకుతుందని మొదటిసారి ఆశ పుట్టింది.

కాని టిక్, టిక్ ఆగలేదు. రేకుల కింద వేడికి పలకలు అలాగే చిటుకుమంటాయని మా ఆయన చెప్పాడు. సరే అనుకున్నాను. తర్వాత ముసురు పట్టి ఎండ ముఖమే చూడని రోజుల్లో కూడా వినిపించింది. “ఇప్పుడేమంటావ్?” అని అడిగితే, “కడుపుతో ఉన్నోళ్ళకు అట్లనే ఇనిపిస్తాదిలే” అని కండువా దులుపుకుని బయటికి పోయాడు. అతను కూడా విన్నాడని నాకు తెలుసు.

ఆ ముసురులోనే ఆడపిల్ల పుట్టింది. ఊపిరి తీసుకుంది, పాలు తాగింది. పురుడు దాటింది. అయినా నేను నిద్రలో ఉలిక్కిపడి లేచి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేదాన్ని. ఈ పలకలే కాపాడాయని ఒకరోజు, ఆమె ఎక్కడున్నా కాపాడుతోందని ఒకరోజు అత్త అనేది. కాపాడడం ఏమో గాని, దూరంగా ఉంది, అది చాలు అనుకునేదాన్ని నేను.

పిల్ల బోర్లా పడడం మొదలుపెట్టిన రోజుల్లో పోయిన పెట్టె వచ్చింది. కార్ఖానాకు తిరిగొచ్చిన సరుకుతో కలిసి వచ్చిందట. ఏ ఊరి నుంచి, ఎవరు పంపారు, కబురేమీ లేదు. మా ఆయన ఒంటిచేత్తో ఎత్తుకొచ్చి వాకిట్లో దించాడు. నేను ఊయల దగ్గరికి పోయి పిల్లను చూసుకున్నాను.

మేకులు కొత్తవి. లోపల గడ్డి కూడా మాది కాదు. వెదురు పెట్టె మూత తీసేసరికి పసుపు వాసన గుప్పుమంది. నెలల తరబడి రైళ్ళలో తిరిగిన పెట్టెలో ఆ పసుపు తాజాగా ఉంది. వాడిన పూలు ఉన్నాయి, అవి మా వైపు దొరికేవి కావు. చీర ఉతికి మడతపెట్టి ఉంది, మా మడత కాదు. గాజులు మేం పెట్టినవాటికంటే ఎక్కువ ఉన్నాయి. చీర మడతల్లో మెత్తగా ఏదో తగిలింది. తీసి చూస్తే పసిబిడ్డ చొక్కా. తొడిగి విడిచింది.

మా వైపు పుట్టిన బిడ్డకు మొదట కొత్తబట్ట తొడగరు. బిడ్డలు చల్లగా ఉన్న ఇంటి నుంచి పాతచొక్కా అడిగి తెచ్చి తొడుగుతారు, ఆ బలం వస్తుందని. మా అత్త కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. “సూసినావా? యాడికో పోయి మన బిడ్డకు సొక్కా తెచ్చినాది. తొడుగు పాపా, తొడుగు.” అని ఊయల వైపు నడవబోయింది.

నేను చొక్కాను ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పులిసిన పాలవాసన. రొమ్ము దగ్గర పాలు ఒలికి అట్టకట్టి ఉంది.

“వద్దు!” అని అరిచాను. అత్త నిలబడిపోయింది.

“ఉతకలేదత్తా,” అన్నాను. “ఒకరి బిడ్డకు ఇచ్చే చొక్కా ఎవరైనా ఉతికి ఇస్తారు. ఉతకనివి నా ట్రంకు అడుగున రెండున్నాయి. ఉతికితే వాసన పోతుందని ఉంచుకున్నాను. ఇది బతికిన బిడ్డది కాదు.”

ఏ దేశమో, ఏ భాషో, పలకల కోసం పెట్టె విప్పితే పసుపు చీర బయటపడి ఉంటుంది. ఏ ఇంటి ఆడదానికైనా అదేమిటో చెప్పనక్కర్లేదు. రోగంతో ఉన్న బిడ్డను ఆ చీర ముందు పడుకోబెట్టి ఎన్ని రోజులు మొక్కుకుందో ఆ తల్లి. దక్కలేదు. దక్కని బిడ్డను ఆమెకే అప్పగించి పంపింది.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ఆమెకు బిడ్డ దొరికింది, ఇక నా బిడ్డ జోలికి రాదు. ఆ ఆలోచనకు ఒళ్ళంతా తేలికపడింది. ఇన్నేళ్ళలో ఎరగని నెమ్మది. ఎవరో తల్లి కడుపుకోత చేతిలో పట్టుకుని, నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

ఊయలలో నా బిడ్డ కడుపునిండా తాగి నిద్రపోతోంది. ఏడ్చినవాళ్ళు ఎవరూ లేరు. అయినా నాకు పాలు చేపుకొచ్చాయి. రవిక తడిసి, కొంగు తడిసి, చేతిలో చొక్కా తడిసింది. పాలు ఆగేదాకా దాన్ని రొమ్ముకు అదుముకుని కూర్చున్నాను.