ఆరబెట్టే గదిలో ఇద్దరు

మా అమ్మమ్మ వల్ల దేవుడికి క్షణం తీరిక ఉండదు. కూర మాడితే ఆయనకు చెబుతుంది, మోకాలు పట్టేస్తే ఆయన్నే నిలదీస్తుంది, తాతయ్య గురక మీద రోజూ ఫిర్యాదు చేస్తుంది. కళ్ళు మూసుకుని, గొంతు తగ్గించి ప్రార్థించాలని పాస్టరుగారు మాకు నేర్పారు. అమ్మమ్మ ప్రార్థన మాత్రం పిట్టగోడ మీదుగా పక్కింటివాళ్ళతో మాట్లాడినట్టు ఉంటుంది.

ఎనిమిదో తరగతితోనే బడికి దండం పెట్టేసినదాన్ని, నాకు పెద్ద పెద్ద మాటలు రావు. ఈ సంగతి సగం అమ్మమ్మ చెప్పింది, సగం తాతయ్య చెప్పాడు. ఇద్దరి మాటా కలవని చోట అమ్మమ్మ చెప్పిందే రాశాను, అన్నం పెట్టేది ఆవిడ కాబట్టి.

అప్పట్లో అమ్మమ్మ ఒక పెద్ద ఆసుపత్రిలో బట్టలు ఉతికే చోట పనిచేసేది. వార్డుల నుంచి దుప్పట్లు, దిండు గలేబులు మూటలు కట్టి తోపుడు బండి మీద పంపేవారు. మూట విప్పగానే ముందు దులపాలి. నెత్తురు మరకలున్నవి విడదీసి చన్నీళ్ళలో నానబెట్టాలి. వేడినీళ్ళు తగిలాయంటే ఆ మరక చచ్చినా వదలదు. దులుపుతుంటే ఏవేవో రాలేవి. కళ్ళజోళ్ళు, మాత్రలు, ఒకసారి ఎవరిదో పళ్ళసెట్టు. ఏది దొరికినా కిటికీ గట్టు మీద అందరికీ కనబడేలా పెట్టాలని అమ్మమ్మ నియమం. ఆ పళ్ళసెట్టు పగలంతా గట్టు మీద నవ్వుతూ కూర్చుందట.

అమ్మమ్మతో పాటు పనిచేసేది జడమ్మ. నడుం దాటిన జడ, చంకలో ఏడాది పిల్ల. పిల్లను బట్టల బుట్టలో పడుకోబెట్టి పని చేసుకునేది.

ఒక మధ్యాహ్నం మేనేజరు విసురుగా లోపలికి వచ్చాడు. వెనకాల ఇస్త్రీ మడత నలగని చొక్కాతో ఒకాయన. వార్డులో ఉన్న ఒక ముసలావిడ కొడుకు ఆయన. ఆవిడ తన గొలుసు తీసి దిండు గలేబులో దాచుకుందట. పరీక్షకు తీసుకెళ్ళి తిరిగి తెచ్చేసరికి పక్క మార్చేశారు. గొలుసు లేదు.

"ఆ మూట విప్పింది మీరిద్దరే. గొలుసు ఏది?" అన్నాడు మేనేజరు.

"నాకు కనబడలేదు సార్. నేను తీయలేదు" అంది అమ్మమ్మ.

సంచులు బోర్లించారు. అన్నం గిన్నెలు కెలికారు. జడమ్మ జడ విప్పించి మరీ వెతికారు. ఏమీ దొరకలేదు.

"ఇలా కాదు. ఒట్టు వేయించండి. ఎవరు వేయకపోతే వాళ్ళే దొంగ. పోలీసుల సంగతి నేను చూసుకుంటా" అన్నాడు కొడుకు.

ఆయన మాట పూర్తి కాకముందే జడమ్మ పిల్లను లాక్కుని తల మీద చెయ్యి వేసేసింది. "నా బిడ్డ మీద ఒట్టు, నేను తీయలేదు!" ఉలిక్కిపడి లేచిన పిల్ల ఏడుపు అందుకుంది.

మేనేజరు ఎక్కడి నుంచో బైబిలు తెప్పించి బల్ల మీద పెట్టాడు. "మీ గ్రంథమే కదా. చెయ్యి పెట్టి చెప్పు."

"చెప్పాను కదా సార్, తీయలేదని."

"చెయ్యి పెట్టి చెప్పమంటున్నా."

"పెట్టను."

మేనేజరు బైబిలును ఆమె ముందుకు ఇంకాస్త జరిపాడు.

"మా ప్రభువు ఒట్లు వద్దన్నాడు సార్. అయినా ఒట్టు వేస్తేనే నా మాట నిజమైతే, ఇన్నేళ్ళూ మీతో చెప్పిందంతా అబద్ధమేనా?"

"చూశారా, దొంగ నోటికి ఎన్ని తెలివితేటలో!" అన్నాడు కొడుకు.

పోలీసులు వచ్చేదాకా అమ్మమ్మను బట్టలు ఆరబెట్టే గదిలో ఉంచమన్నారు. నాలుగు వైపులా వేడిగాలి గొట్టాలు, నడుమ తీగల మీద తడి దుప్పట్లు. బయట గడియ పెట్టి వాచ్‌మన్‌ను కాపలా ఉంచారు.

తాతయ్యకు అప్పుడు ఆసుపత్రి ఎదుటే సైకిళ్ళు బాగుచేసే దుకాణం. కబురు తెలిసి, మసి చేతులతోనే పరిగెత్తుకొచ్చి తలుపు సందులో నోరు పెట్టాడు.

"ఏమే, బాగానే ఉన్నావా?"

"ఉడుకుతున్నా. నువ్వూ అనుమానించడానికే వచ్చావా?"

"నాకెందుకే అనుమానం? నా జేబులో చిల్లర కూడా ముట్టనిదానివి."

"నీ జేబులో ఎప్పుడుంది గనక!"

"ఇదా నీకు హాస్యాలకు వేళ! ఒక్క ఒట్టు, ఇంటికి పోదాం. చెప్పేది నిజమే కదా!"

"నిజమే కాబట్టే వేయను."

"పోలీసులు వస్తున్నారే. నువ్వు స్టేషన్ మెట్లెక్కితే రేపు పిల్లదాన్ని ఎవరు కోడలిగా గడప తొక్కనిస్తారు?" పిల్లది అంటే మా అమ్మ.

లోపల నుంచి జవాబు రాలేదు. అమ్మమ్మ నోట మాట రాకపోవడం తాతయ్య ఎన్నడూ ఎరగడు. అప్పుడు వేసింది భయం ఆయనకు. వెళ్ళి పాస్టరుగారిని పిలుచుకొచ్చాడు.

"అమ్మా, నిజం చెప్పడానికి ప్రమాణం చేస్తే తప్పులేదు. ఒకవేళ తప్పయినా దేవుడు క్షమిస్తాడు" అన్నారాయన తలుపు ఇవతల నుంచి.

"క్షమిస్తాడు కదా అని చేయమంటారా అయ్యగారూ? మీకు తప్పు కాకపోవచ్చు. నాకు తప్పే."

పాస్టరుగారు చెమట తుడుచుకుని, బయటే నిలబడి ప్రార్థిస్తానని పక్కకు వెళ్ళారు.

కాసేపటికి వాచ్‌మన్ మేనేజరు దగ్గరకు పరుగున వెళ్ళాడు. "సార్, లోపల ఆవిడతో ఇంకెవరో ఉన్నారు. ఎవరినో పట్టుకుని తిడుతోంది!"

మేనేజరు, కొడుకు, తాతయ్య అందరూ వచ్చారు. లోపల అమ్మమ్మ గొంతు ఖంగుమంటోంది. "గొలుసు ఎక్కడుందో నీకు తెలుసు కదయ్యా! ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయింది? నా కూతురు నీ కంటికి ఆనడం లేదా? మాట్లాడవేం?"

గడియ తీశారు. కొడుకు దుప్పట్లన్నీ ఒక్కొక్కటే పక్కకు లాగి చూశాడు. చెమటతో ముద్దయిన అమ్మమ్మ తప్ప ఎవరూ లేరు.

"ఎవరితో మాట్లాడుతున్నావు?"

"దేవుడితో. ఉన్నాడు, మీకు కనబడడు" అంది కొంగుతో ముఖం తుడుచుకుంటూ.

ఆ కబురు వార్డు దాకా పాకింది. దేవుణ్ణి తిట్టే దొంగను చూస్తానని ముసలావిడ పట్టుబట్టింది. అమ్మమ్మను మంచం దగ్గరకు తీసుకెళ్ళారు. వాకిట్లో అప్పటికే పోలీసు జీపు ఆగి ఉంది.

"నా గొలుసు తీశావా?" ముసలావిడ గొంతు పీలగా ఉంది.

"లేదమ్మా."

"ఒట్టు వేయమంటే వేయలేదట."

"నా మాట మోయలేనిది ఒట్టు మాత్రం మోస్తుందామ్మా?"

ముసలావిడ ఆమె ముఖంలోకి ఒకసారి చూసింది. తరవాత కొడుకు వైపు తిరిగింది. "మనింట్లో పూటకో ఒట్టు వేస్తారు. ఒక్కటి నిలబడగా నేను చూడలేదు. ఈమెను ఇంటికి పోనీ."

"అమ్మా, నీకు తెలియదు..."

"గొలుసు నాదిరా. పోయిందని ఏడవాల్సింది నేను. జీపు పంపించెయ్."

జీపు వెళ్ళిపోయింది. ఉద్యోగమూ పోయింది. ఆసుపత్రికి చెడ్డపేరట, మర్నాటి నుంచి రావద్దన్నాడు మేనేజరు. అమ్మమ్మ ఇంట్లోనే బట్టలు ఉతికి ఇస్త్రీ చేస్తానంటే, 'దొంగ చేతికి బట్టలిస్తామా' అని వీధిలో సగం మంది ఇవ్వలేదు. ఆ గొలుసు ఈనాటికీ దొరకలేదు. జడమ్మ ఎదురుపడితే పక్క సందులోకి తిరిగిపోయేది.

"ఆ జడమ్మే తీసుంటుంది" అన్నాడు తాతయ్య ఒకసారి, అన్నం ముందు కూర్చుని.

"చూశావా?"

"లేదు."

"నేనూ చూడలేదు. చూడని మాట జడమ్మ మీద వేస్తే, నాకూ ఆ మేనేజరుకూ తేడా ఏముంది? తిను."

మొన్న అమ్మమ్మ ఇస్త్రీ చేస్తుంటే నేనే ఆ ఊసు ఎత్తాను. "గొలుసు ఎక్కడుందో నీ దేవుడు చెప్పాడా?"

"లేదు."

"ఉద్యోగం నిలబెట్టాడా?"

"ఎక్కడ నిలబెట్టాడు!"

"మరి అంత గొంతు చించుకున్నావు, ఆయన చేసిందేమిటి అమ్మమ్మా?"

అమ్మమ్మ ఇస్త్రీపెట్టెను పక్కన నిలబెట్టింది. ఈసారి నన్ను తిట్టలేదు.

"ఆ వేడికి బయటున్న వాచ్‌మనే తలుపు దగ్గర నిలవలేక దూరంగా జరిగాడే. ఆయన మాత్రం, తలుపు తీసేదాకా నాతో లోపలే ఉన్నాడు."