అంగిలికి తగిలిన వేడి

తిరుపతిలోని ఒక డెంటల్ ల్యాబ్‌లో నా పని. డాక్టర్లు పంపే నోటి అచ్చులు చూసి, తీసి పెట్టుకునే పళ్లసెట్లు చేస్తాం. లోహపు చట్రంతో చేసేదాని లాభాలు అడిగితే వరసగా చెప్పేస్తాను: పలుచగా ఉంటుంది, త్వరగా విరగదు, మిగిలిన పళ్లను కొక్కేలతో పట్టుకుంటుంది కనుక కదలదు, నమిలే బరువు కొంత ఆ పళ్లే మోస్తాయి, చిగుళ్ల మీద ఒత్తిడి తగ్గుతుంది. వేడీ చల్లదనమూ తెలుస్తాయన్న చివరి మాటను మాత్రం ఎప్పుడూ తొందరగా దాటేసేవాణ్ణి.

అమ్మ చనిపోయిన ఏడాదే నాయనకు పైదవడలో కొన్ని పళ్లు తీసేశారు. ప్లాస్టిక్ సెట్టు చాలన్నాడు. అది అంగిలినంతా మందంగా కప్పేసేది.

అమ్మ పోయినప్పటినుంచి కార్వేటినగరంలో మా ఇంటి వంట అక్కది. నేను వెళ్లినప్పుడల్లా ఒకటే గొడవ.

"సల్లారిన సంగటి పెడ్తావేందిమే? మీయమ్మ ముద్ద నోట్లో పెడితే అంగిలి సుర్రుమనేది" అనేవాడు నాయన.

"ఇప్పుడే దించినా నాయనా! నా సేతులు సూడు, ఎట్ల ఎర్రగైనాయో. నీ పెండ్లాం ముద్దలో నిప్పులు పెట్టేదేమో, నాకు సాతగాదు" అని అక్క లోపలికి పోయేది. ఆయన తినేంతసేపూ బయటికి రాదు.

ఎప్పుడూ ఆయన తిన్నాకే తినేవాణ్ణి. ఒక ఆదివారం బస్సుకు టైమైందని పక్కనే కూర్చున్నాను. అదే గిన్నెలోని సంగటి, నా నోరు కాలింది. మగ్గం పనితో మొద్దుబారిన వేళ్లతో ముద్ద తుంచుకుంటూ నాయన "సల్లగుండాది" అంటున్నాడు. అప్పుడు తట్టింది. సంగటిని మేం నమలం, అంగిలికి అదిమి మింగుతాం. ఆయన అంగిలి ప్లాస్టిక్ కింద ఉంది.

డాక్టరు అచ్చు తీశారు, ఈసారి లోహపు చట్రం నేను పోతపోశాను. అంగిలికి అడ్డంగా సన్నటి పట్టీ, మిగతాదంతా ఖాళీ.

కొత్త సెట్టుతో మొదటి ముద్దకే నాయన ఉలిక్కిపడ్డాడు. "అబ్బబ్బా, కాల్తా ఉండాది!"

అక్క వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది నాయనా?"

నీళ్లు తాగి, ఆమె చేతులకేసి చూశాడు. "ఇన్నాళ్లూ ఇంత ఉడుకుగానే పెడ్తా ఉండినావా?"

అక్క గ్లాసులో మళ్లీ నీళ్లు పోసింది.

"ఈడ కూసోమే. నువ్వు గూడా తిను."

అమ్మ ఎప్పుడూ కూర్చునే చోటు వదిలి అక్క నా పక్కన కూర్చుంది. నాయన ఆ ఖాళీ చోటు వైపు చూస్తూ ముద్దను చాలాసేపు ఊదుకున్నాడు.