బియ్యం కడిగిన నీళ్లు

తెలంగాణ కోసం కొట్లాట నడుస్తున్న రోజులు. గుడ్ ఫ్రైడే నాడు కోరుట్ల రోడ్డు మీద స్లీవమార్గం చేస్తున్నం. ముందట సిలువ, ఎనక మేం, అందరం ఉత్త కాళ్లతోని. యేసు సిలువ మోసుకుంట పడ్డ బాధలు తల్సుకుంట, ఒక్కో బాధకు ఒక్కో స్థలం కాడ ఆగి మోకాళ్ల మీద ప్రార్థన చేస్తున్నం. ఎండకు డాంబర్ మెత్తవడ్డది.

చౌరస్త కాడ ఉద్యమమోళ్లు రోడ్డు మీదనే వంటావార్పు పెట్టిండ్రు. పొద్దటి సంది ఉపాసమున్న నాకు వంకాయ కూర వాసన తగలంగనే కోపం నెత్తికెక్కింది. ఇయ్యాల్నే, గీ తొవ్వల్నే వండాల్నా వీళ్లకు?

యేసు మూడోసారి కిందవడ్డది తల్సుకునే స్థలం వచ్చింది. మోకాళ్లూనుదామని వంగిన. పొయ్యి కాడికెల్లి ఒక ముసలామె బకెట్ పట్టుకొని ఉరికొచ్చింది. తొవ్వకు అడ్డమున్నరని లొల్లి వెడ్తదనుకున్న.

"ఆగు బిడ్డా, మోకాళ్లు కాల్తయ్" అనుకుంట బియ్యం కడిగిన నీళ్లు నా ముందట కుమ్మరిచ్చింది. ఆమెను జూసి మిగతా ఆడోళ్లు బిందెలు తెచ్చిండ్రు. ఆ తడి మీదనే అందరం మోకాళ్లూనినం.

సిలువ మోస్తున్న యేసు మొఖం తుడిచినామె చేతిల, మా చర్చి గోడ మీది బొమ్మల, తెల్లబట్ట ఉంటది. నాకు మాత్రం బకెటే కనవడ్తది.